ఇంజన్ ఆయిల్ గ్రేడు ఎంపిక: యలహంక

ఇంజన్ ఆయిల్ డబ్బా మీద 5డబ్ల్యూ-30, 10డబ్ల్యూ-30, 15డబ్ల్యూ-50 అంటూ పెద్ద అచ్చులో కనిపించేది ఆ ఆయిల్ స్నిగ్ధత గ్రేడు. చల్లగా ఉన్నప్పుడు అది ఎంత చిక్కగా ఉంటుందో, వేడెక్కాక ఎంత పలచబడుతుందో ఆ అంకెలు చెబుతాయి. ఏ బండికి ఏ గ్రేడు పోయాలో తయారీ కంపెనీయే నిర్ణయించి ఓనర్ మాన్యువల్‌లో అచ్చు వేస్తుంది. చాలా మాన్యువళ్ళలో ఇందుకోసం ఒక పటం ఉంటుంది. అడ్డంగా బయటి ఉష్ణోగ్రతల కొలబద్ద, దాని మీద ఒక్కో గ్రేడుకు ఒక్కో పట్టీ. మీ ఊరి చలీ ఎండా ఏ పట్టీలో ఇముడుతాయో చూసుకొని ఆ గ్రేడు పోయించుకోండి అని దాని భావం.

బెంగళూరుకు ఉత్తరాన బళ్ళారి రోడ్డు మీద ఉన్న యలహంకలో ఈ పటం పెద్దగా సాయపడదు. సముద్రమట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తున ఉన్న ఈ ఊళ్ళో చలి గడ్డకట్టించేది కాదు, ఎండ మాడ్చేది కాదు. పటంలోని పట్టీలు దాదాపు అన్నీ ఈ ఊరిని తమలో కలిపేసుకుంటాయి. వాతావరణం ఏ గ్రేడునూ కాదనని ఇలాంటి చోట ఎంపికను తేల్చేవి వేరే ఉన్నాయి: ఇంజను కట్టిన తీరు, గ్రేడు పక్కన చిన్న అక్షరాల్లో ఉండే నాణ్యతా సంకేతాలు, బండి రోజూ తిరిగే తిరుగుడు. మెకానిక్ షెడ్డులో మాత్రం మాట సాధారణంగా మొదటి అంకె దగ్గరే మొదలై అక్కడే ముగుస్తుంది.

అంకెలు చెప్పేది

గ్రేడు పద్ధతి అమెరికాలో 1905లో పుట్టిన ఆటోమోటివ్ ఇంజనీర్ల సంఘం ఎస్‌ఏఈది. ఆయిళ్ళను చిక్కదనం బట్టి వర్గీకరించే పని ఆ సంఘం 1911లో మొదలుపెట్టింది. దాని నేటి రూపం జె300 అనే ప్రమాణం. డబ్ల్యూ అంటే వింటర్, శీతాకాలం. దాని ముందున్న అంకె చలిలో పరీక్షకు సంబంధించినది. 20డబ్ల్యూ ఆయిల్‌ను మైనస్ 15 డిగ్రీల దగ్గర పరీక్షిస్తారు. స్టార్టర్ మోటారు ఇంజన్ను తిప్పగలిగేంత పలచగా అది అక్కడ ఉండాలి. 15డబ్ల్యూకి ఆ పరీక్ష మైనస్ 20 దగ్గర, 10డబ్ల్యూకి మైనస్ 25, 5డబ్ల్యూకి మైనస్ 30, 0డబ్ల్యూకి మైనస్ 35. పంపు ఆయిల్‌ను లాగగలదా లేదా అన్నది ఇంకో ఐదు డిగ్రీలు కిందికి దించి విడిగా చూస్తారు.

వెనకున్న అంకె వేడిది. ఇంజను పూర్తిగా వేడెక్కాక ఆయిల్ ఉండే స్థితికి దగ్గరగా, 100 డిగ్రీల వద్ద దీన్ని కొలుస్తారు. అక్కడ స్నిగ్ధత 6.9 నుంచి 9.3 సెంటీస్టోక్స్ లోపు ఉంటే 20, అక్కడి నుంచి 12.5 లోపు 30, 16.3 లోపు 40, 21.9 లోపు 50. ఇరవై డిగ్రీల నీటి స్నిగ్ధత ఇదే కొలతలో ఒకటి. అంటే బాగా వేడెక్కిన 30 గ్రేడు ఆయిల్ నీటికన్నా పదింతలు చిక్కన. దీనితోపాటు 150 డిగ్రీల వేడిలో బేరింగుల మధ్య నలిగేటప్పుడు ఎంత చిక్కదనం మిగిలిందో చూసే మరో పరీక్ష ఉంది. అందులో 20 గ్రేడుకు కనీసం 2.6, 30కి 2.9, 5డబ్ల్యూ-40 లాంటి వాటికి 3.5 మిల్లీపాస్కల్ సెకండ్లు ఉండాలి. క్రాంక్‌షాఫ్ట్ బేరింగులను లోహం లోహానికి తగలకుండా కాపాడే ఆయిల్ పొర మందం ఎక్కువగా ఈ చివరి కొలత మీదే ఆధారపడుతుంది. డబ్బా మీద ఇది కనిపించదు. ఆయిల్ కంపెనీ సాంకేతిక పత్రంలో వెతుక్కోవాలి.

ఒకే ఆయిల్‌కు రెండు అంకెలు ఎలా వస్తాయన్నది న్యాయమైన సందేహమే. పలచని మూల ఆయిల్‌లో పొడవాటి పాలిమర్ అణువులు కలుపుతారు. చల్లగా ఉన్నప్పుడు అవి ముడుచుకొని ఉంటాయి, వేడెక్కాక విచ్చుకొని ఆయిల్ మరీ పలచబడకుండా ఆపుతాయి. వేడికి ఆయిల్ ఎంత మారుతుందో చెప్పే స్నిగ్ధతా సూచిక 1929 నుంచి వాడుకలో ఉంది. ఈ పాలిమర్లకు ఒక బలహీనత ఉంది. గేరు పళ్ళ మధ్య పడి నలిగితే అవి తెగిపోతాయి. ఇంజనుకూ గేర్‌బాక్సుకూ ఒకే ఆయిల్ తిరిగే మోటారుసైకిల్లో కొత్తగా పోసిన 50 గ్రేడు కొన్ని వేల కిలోమీటర్లకు 40 గ్రేడు స్థాయికి జారిపోవడానికి కారణం ఇదే.

ఇక్కడ చాలామంది పొరపాటు పడతారు. 5డబ్ల్యూ-30 అంటే చల్లగా ఉన్నప్పుడు ఐదంత పలచన, వేడెక్కాక ముప్పైయంత చిక్కన అనుకుంటారు. ఏ ఆయిలైనా వేడికి పలచబడేదే. మామూలు 5డబ్ల్యూ-30 ఆయిల్ 40 డిగ్రీల దగ్గర 60 సెంటీస్టోక్స్ అటూ ఇటూగా ఉండి, 100 దగ్గర పది పదకొండుకు దిగుతుంది. 20డబ్ల్యూ-50 అయితే 40 డిగ్రీల దగ్గర 150 దాటే ఉంటుంది.

యలహంక ఎండ, చలి

బెంగళూరు వాతావరణ కేంద్రం చరిత్రలో అతి తక్కువ ఉష్ణోగ్రత 1884 జనవరిలో నమోదైన 7.8 డిగ్రీలు. అతి ఎక్కువ 2016 ఏప్రిల్‌లో వచ్చిన 39.2. యలహంక నగరం నడిబొడ్డుకన్నా కాస్త చల్లనిదే. డిసెంబరు, జనవరి తెల్లవారుజాముల్లో పాదరసం 15 డిగ్రీలకూ అంతకన్నా కిందికీ దిగుతుంది. స్నానాల గది గూట్లో కొబ్బరినూనె గడ్డకట్టిన రోజున ఇంజన్లో ఆయిల్ కూడా పేరుకుపోయి ఉంటుందనుకోవడం సహజం. కానీ కొబ్బరినూనె ఇరవై నాలుగైదు డిగ్రీలకే గడ్డకట్టే పదార్థం. పైన చెప్పిన వాటిలో అన్నిటికన్నా బద్ధకమైన 20డబ్ల్యూ ఆయిల్‌ను కూడా మైనస్ 15 దగ్గర పరీక్షించే సీసాలో నింపుతారు. యలహంక చలి ఆ గీతకు ఇరవై డిగ్రీలకు మించి ఎగువనే ఆగిపోతుంది. బండి స్టార్ట్ కాకపోతే చూడాల్సింది బ్యాటరీని.

అలాగని మొదటి అంకెకు పనే లేదనలేం. పదిహేను డిగ్రీల దగ్గర ఏ ఆయిలైనా ఇంజనుకు కావలసిన దానికన్నా చాలా చిక్కన. తాళం తిప్పిన తర్వాత సంప్ నుంచి పైనున్న క్యామ్‌షాఫ్ట్ దాకా, టర్బో ఉంటే దాని బేరింగు దాకా ఆయిల్ ఎక్కడానికి పట్టే సమయం 0డబ్ల్యూ, 5డబ్ల్యూలతో తక్కువ. రోజుకోసారి స్టార్ట్ చేసి వందల కిలోమీటర్లు తోలే లారీకి ఈ తేడా లెక్కలోకి రాదు. యలహంక న్యూటౌన్‌లో పిల్లల్ని బడికి దింపి, కూరగాయలకు వెళ్ళి, మళ్ళీ సాయంత్రం తీసే కారుకు వస్తుంది.

తెలుగు నేలతో పోల్చి చూస్తే యలహంక ఎంత మెత్తటి ఊరో తెలుస్తుంది. పల్నాడులోని రెంటచింతల, తెలంగాణలోని రామగుండం ఎండాకాలంలో 45 డిగ్రీలు దాటుతాయి. మన్యంలోని లంబసింగి చలికాలంలో సున్నా దగ్గరికి వెళుతుంది. యలహంకలో స్థిరపడిన రాయలసీమ కుటుంబాల బండ్లు ఈ ఊరి వాతావరణంలోనే ఉండిపోవు. దొడ్డబళ్ళాపుర, గౌరిబిదనూరు మీదుగా హిందూపురానికి, బాగేపల్లి దాటి 44వ జాతీయ రహదారి మీద అనంతపురం, కర్నూలు, హైదరాబాదు దాకా తిరుగుతూనే ఉంటాయి. పటంలో చూసుకోవలసిన ఎండ అప్పుడు మే నెల కర్నూలుది. అయినా భయపడాల్సిందేమీ లేదు. నీటితో చల్లబడే ఇంజన్లో థర్మోస్టాట్, రేడియేటర్ కలిసి శీతలీకరణ ద్రవాన్ని 90 డిగ్రీల చుట్టుపక్కల నిలుపుతాయి. బయట 20 ఉన్నా 42 ఉన్నా ఆయిల్ వేడిలో తేడా ఆ ఇరవై రెండు డిగ్రీలంత ఉండదు. ఎండాకాలం కదా అని చిక్కటి ఆయిల్ పోయించే అలవాటు ఒకే గ్రేడు ఆయిళ్ళ కాలానిది. చలికి 30, ఎండకు 40 అని పాత ట్రాక్టర్లలో, జనరేటర్లలో మార్చిన రోజుల్లో అది సరైన పద్ధతే.

గాలితో చల్లబడే ఇంజన్లు

బయటి ఎండ ఆయిల్ దాకా నేరుగా చేరేది గాలితో చల్లబడే ఇంజన్లలో. ట్రాఫిక్‌లో ఆగినప్పుడు వీటికి గాలి తగలదు, ఆయిల్ వేడి గబగబా ఎక్కుతుంది. 350 సీసీ రాయల్ ఎన్‌ఫీల్డ్‌లకు మాన్యువల్ 15డబ్ల్యూ-50 చెబుతుంది. అదే కంపెనీ 650 సీసీ జంట సిలిండర్ల బండ్లకు 10డబ్ల్యూ-50. హోండా యాక్టివాకు 10డబ్ల్యూ-30 సరిపోతుంది. మూడూ బెంగళూరులోని ఒకే హెబ్బాళ ఫ్లైఓవర్ మీద, ఒకే ఎండలో నిలబడతాయి. సిలిండరు పరిమాణం, బేరింగు రకం, ఆయిల్ కూలర్ ఉందా లేదా అన్నవే వీటి గ్రేడును తేలుస్తాయి.

యలహంక పొరుగునే ఉన్న జక్కూరు విమానాశ్రయంలో ఇదే సంగతి ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. అక్కడి ప్రభుత్వ వైమానిక శిక్షణ పాఠశాల పేరు సెస్నా తరహా చిన్న విమానాలతో ముడిపడింది. ఈ తరహా విమానాలకు అమర్చే లైకమింగ్ ఇంజన్లు గాలితో చల్లబడేవి. ఆ కంపెనీ సూచనల్లో గ్రేడు నేటికీ బయటి ఉష్ణోగ్రతను బట్టే మారుతుంది. వెచ్చని చోట ఎస్‌ఏఈ 40 లేదా 50, చలి ప్రాంతంలో 30. విమాన ఆయిల్ డబ్బా మీద మాత్రం లెక్క వేరు. డబ్ల్యూ100 అని ఉంటే అది ఎస్‌ఏఈ 50కి సమానం. అక్కడ డబ్ల్యూ శీతాకాలానిది కాదు, బూడిద మిగల్చని డిస్పర్సెంట్ కలిపిన ఆయిల్ అనడానికి గుర్తు. ఏరో ఇండియా ప్రదర్శనలో యలహంక వైమానిక స్థావరం మీద గర్జించే జెట్ యుద్ధవిమానాల ఆయిళ్ళు ఈ గ్రేడుల లెక్కలోకే రావు.

గ్రేడు పక్కనున్న చిన్న అక్షరాలు

మాన్యువల్‌లో ఆయిల్ వివరం ఒక వాక్యంగా ఉంటుంది. షెడ్డుకు వెళ్ళేసరికి అందులో సగమే గుర్తుంటుంది. గ్రేడు ఒకటే అయినంత మాత్రాన ఆయిల్ ఒకటే కాదు. ప్రమాదం ఎక్కువగా ఉన్నది ఈ మరచిపోయిన సగంలోనే.

మోటారుసైకిల్ సంగతి తీసుకుందాం. చాలా బైకుల్లో క్లచ్ పలకలు ఇంజన్ ఆయిల్లోనే మునిగి ఉంటాయి. కారు ఆయిల్లో రాపిడి తగ్గించే రసాయనాలు కలుపుతారు. అవి క్లచ్ పలకలను జారేలా చేస్తాయి. ఇంజను అరుస్తుంది, బండి కదలదు. అందుకే జపాన్ ప్రమాణాల సంస్థ జాసో 1998లో బైకు ఆయిళ్ళను విడదీసింది. క్లచ్ తడిగా ఉండే బైకుకు ఎంఏ, అందులో పట్టు ఎక్కువున్నవి ఎంఏ2. క్లచ్ పొడిగా ఉండే గేర్లు లేని స్కూటర్లకు ఎంబీ. యాక్టివాకు హోండా చెప్పేది ఎంబీ. ఎంఏ పోస్తే స్కూటరుకు చేటు లేదు, మైలేజీ కొంచెం తగ్గవచ్చు. ఎంబీని బుల్లెట్‌లో పోస్తే మాత్రం చేటే.

డీజిల్ కారులో ఇంకో చిక్కుంది. 2020 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన భారత్ స్టేజ్ 6 నియమాల తర్వాత డీజిల్ కార్లకు పొగగొట్టంలో మసిని పట్టే ఫిల్టరు వచ్చింది. పట్టిన మసిని అది అప్పుడప్పుడూ కాల్చేసుకుంటుంది. మసి కాలిపోతుంది గానీ, ఇంజన్లో కొద్దికొద్దిగా కాలిన ఆయిల్ నుంచి వచ్చే లోహపు బూడిద కాలదు. అక్కడే పేరుకుంటుంది. ఐరోపా ప్రమాణంలో సీ2, సీ3 అని గుర్తున్న ఆయిళ్ళలో ఈ బూడిదను 0.8 శాతానికి కట్టడి చేశారు. పాత ఏ3/బీ4 రకంలో అంతకన్నా ఎక్కువ ఉంటుంది. రెండింటి డబ్బాల మీదా 5డబ్ల్యూ-30 అనే ఉండవచ్చు. మాన్యువల్ సీ2 గాని సీ3 గాని అడిగితే, ధర తక్కువని రెండోది తీసుకోవడం ఖరీదైన ఫిల్టరును పణంగా పెట్టి చేసే పొదుపు.

పెట్రోలు వైపు అమెరికన్ పెట్రోలియం సంస్థ ఏపీఐ గుర్తులు ఎస్‌తో మొదలవుతాయి. ఎస్‌ఎన్ 2010లో, ఎస్‌పీ 2020లో వచ్చాయి. టర్బో ఉండి, పెట్రోలును నేరుగా సిలిండర్లోకి చిమ్మే ఇంజన్లు తక్కువ వేగంలో ఎక్కువ బరువు లాగేటప్పుడు స్పార్కుకన్నా ముందే మండే జబ్బుకు లోనయ్యాయి. పిస్టన్లు పగిలిన సందర్భాలున్నాయి. ఆయిల్లోని కాల్షియం డిటర్జెంటు పాత్ర అందులో ఉందని తేలాక ఆ పాళ్ళు మార్చారు. ఎస్‌పీ పరీక్షల్లో ఇదీ ఒకటి. పాత గుర్తు అడిగిన ఇంజన్లో కొత్తది పోయవచ్చు, కొత్తది అడిగిన దాంట్లో పాతది పోయకూడదు.

అంకె ఎందుకు తగ్గుతోంది

మారుతి 800 రోజుల్లో 20డబ్ల్యూ-40 పోసిన చేత్తోనే ఇవాళ అదే కంపెనీ కొత్త కె సిరీస్ ఇంజన్లలో 0డబ్ల్యూ-16 పోయాలంటే పాతతరం మెకానిక్‌కు మనసొప్పదు. నీళ్ళలా ఉంది, ఇంజన్ పట్టేస్తుందంటాడు. ఆ అనుమానం పూర్తిగా నిరాధారమైంది కాదు. పలచని ఆయిల్ వల్ల ముందుగా లాభపడేది మైలేజీ, ఒకటి రెండు శాతం స్థాయిలో. మన దేశంలో కార్ల కంపెనీలకు సగటు ఇంధన వినియోగ నియమాలు 2017-18లో మొదలయ్యాయి. 2022-23 నుంచి కిలోమీటరుకు 113 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ అనే పరిమితి వచ్చింది. లక్షల కార్లమ్మే కంపెనీకి ఆ ఒకటి రెండు శాతం చాలా పెద్ద సంఖ్య. అమెరికాలో ఇలాంటి నియమాలు చాలా ముందే ఉన్నాయి. అందుకే ఒకే ఇంజనుకు అక్కడి మాన్యువల్ ఒక్క పలచని గ్రేడే చెప్పి, వేరే దేశపు మాన్యువల్ నాలుగు గ్రేడుల పటం చూపిన ఉదాహరణలున్నాయి. పలచని గ్రేడు సిఫారసు చేసిన కొన్ని టొయోటా మాన్యువళ్ళలోనే, అతి వేగంతోనో అతి బరువుతోనో నడిపేటప్పుడు ఇంకాస్త చిక్కటిది మేలు కావచ్చని ఒక వాక్యం ఉంటుంది. దాన్ని చదివేవాళ్ళు తక్కువ.

మరోపక్క కొత్త ఇంజన్లు ఆ పలచని ఆయిల్ కోసమే తయారయ్యాయన్నదీ నిజమే. వాల్వుల సమయాన్ని మార్చే యంత్రాంగం ఆయిల్ ఒత్తిడితోనే కదులుతుంది. చిక్కటి ఆయిల్‌తో అది ఆలస్యంగా స్పందిస్తుంది. ఆయిల్ పంపు, సన్నని దారులు, బేరింగు ఖాళీలు అన్నీ ఒక చిక్కదనాన్ని మనసులో పెట్టుకొని గీసినవి. జపాన్‌లో 0డబ్ల్యూ-8 కూడా వచ్చేసింది. కాబట్టి రెండువైపులా వాదించేవారు పట్టుకోవలసిన హద్దు ఒక్కటే, మాన్యువల్ జాబితా. అందులో 0డబ్ల్యూ-16తో పాటు 5డబ్ల్యూ-30కి కూడా అనుమతి ఉంటే, ఎక్కువ దూరాలు నిండు బరువుతో వేగంగా తిరిగేవారు రెండోది పోయించుకోవడంలో తప్పులేదు. జాబితాలో లేని 20డబ్ల్యూ-50 పోయడానికి మాత్రం ఏ కారణమూ సరిపోదు. వారంటీ ఉన్న బండికైతే ఆ తర్వాత సర్వీసు సెంటరులో జరిగే వాదనలో యజమాని చేతిలో ఏమీ ఉండదు.

పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో 2019లో ప్రారంభమైన కియా కర్మాగారం నుంచి కార్లు మన రోడ్ల మీదికే కాక పశ్చిమాసియా, ఆఫ్రికా, లాటిన్ అమెరికా దేశాలకూ వెళతాయి. ఇలా అనేక దేశాలకు వెళ్ళే కార్ల మాన్యువళ్ళలో ప్రాంతాల వారీగా వేరువేరు వరుసలుండటం మామూలే. తనది ఏ వరుసో, తన ఇంజను కోడు ఏదో చూసుకోకుండా మొదట కనిపించిన గ్రేడును పట్టుకోవడం తరచుగా జరిగే పొరపాటు.

తిరిగే తీరు

మాన్యువళ్ళు కఠిన పరిస్థితులంటూ ఒక విడి జాబితా ఇస్తాయి. ఎవరూ అది తమ గురించి అనుకోరు. కొద్ది దూరాల ప్రయాణాలు, ఎక్కువసేపు ఇంజన్ ఆన్‌లో పెట్టి నిలబడటం, దుమ్ము. యలహంకలో మామూలు బతుకే ఇది. దేవనహళ్ళి విమానాశ్రయం 2008లో తెరిచాక బళ్ళారి రోడ్డు మీద ట్యాక్సీల రద్దీ పెరిగింది. ఏసీ వేసుకుని ఎదురుచూసే గంటలు ఓడోమీటరులో పడవు, ఆయిల్ మాత్రం అరుగుతూనే ఉంటుంది.

కొద్ది దూరాల్లో ఇంకో నష్టముంది. ఇంజను పూర్తిగా వేడెక్కకముందే ఆపేస్తుంటే, మండని పెట్రోలు సిలిండరు గోడల వెంట జారి ఆయిల్లో కలుస్తుంది. పూర్తిగా వేడెక్కితే ఆవిరైపోయేది, అలా కాక నిలిచిపోతుంది. డీజిల్‌లో ఫిల్టరు మసి కాల్చుకునేటప్పుడు అదనంగా చిమ్మిన ఇంధనమూ ఇలాగే దిగుతుంది, ముఖ్యంగా ఆ కాల్చుడు సగంలో ఉండగా బండి ఆపేస్తే. డిప్‌స్టిక్ మీద ఆయిల్ మట్టం తగ్గడానికి బదులు పెరిగితే సంతోషించవద్దు. ఇంధనం కలిసిందని గుర్తు. అప్పుడు 30 గ్రేడు పేరుకే 30. దీనికి మందు చిక్కటి గ్రేడు పోయడం కాదు, కఠిన పరిస్థితులకు మాన్యువల్ చెప్పిన తక్కువ గడువులో ఆయిల్ మార్చడం, వారానికోసారైనా దేవనహళ్ళి వైపో నంది కొండల వైపో అరగంట ఆగకుండా తోలడం.

లక్షన్నర, రెండు లక్షల కిలోమీటర్లు తిరిగి ఆయిల్ తాగే ఇంజన్ల విషయంలో షెడ్డు వైద్యం వేరు, ఒక మెట్టు చిక్కటిది పోయమంటారు. జాబితాలో ఉన్న మెట్టయితే పోసి చూడవచ్చు, పొగ కొంత తగ్గుతుంది కూడా. కానీ గట్టిపడిన వాల్వ్ సీళ్ళో, మూసుకుపోయిన క్రాంక్‌కేసు బ్రీదర్ వాల్వో కారణమైతే గ్రేడు మార్చి లాభం లేదు. మట్టం తగ్గి దారిలో నింపుకోవలసి వస్తే అదే నాణ్యతా గుర్తున్న పక్క గ్రేడు అర లీటరు కలపడం వల్ల ప్రమాదం లేదు. ఆయిల్ లేకుండా నడపడమే అన్నిటికన్నా పెద్ద ప్రమాదం.

పాత బండి కొన్నప్పుడు మాన్యువల్ తరచుగా దొరకదు. పెద్ద కంపెనీలు చాలావరకు తమ మాన్యువళ్ళను వెబ్‌సైట్లలో ఉచితంగా పెడుతున్నాయి. మోడలుతోపాటు తయారైన ఏడాదిని, ఇంజను కోడును సరిచూసుకొని దించుకోవాలి, ఎందుకంటే భారత్ స్టేజ్ 4 నుంచి 6కి మారినప్పుడు అదే పేరున్న కారులో ఆయిల్ మారిపోయి ఉండవచ్చు. ఇంజన్ మీద ఆయిల్ పోసే మూతపైన కూడా కొన్ని కంపెనీలు గ్రేడును అచ్చు వేస్తాయి. మూత ఎప్పుడైనా వేరే బండిది బిగించి ఉండవచ్చు గనుక దాన్ని మాన్యువల్‌తో సరిచూసుకోవడం మంచిది.